చాటింపు విన్నాక ఊరు దాటకూడదు

మంగళవారం

నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి తిరుపతిలో నాతోపాటు దిగినవాళ్ళందరూ కొండ బస్సుల వైపు పరుగు తీశారు. మే నెల, పిల్లలకు సెలవులు. పైన దర్శనం కంపార్టుమెంట్లు నిండిపోయి క్యూ బయటికొచ్చిందని రాత్రంతా బోగీలో అదే చర్చ. నేను ఆటో అతనితో "తాతయ్యగుంట గంగమ్మ గుడి" అనగానే వెనక్కి తిరిగి చూశాడు. "జాతరకా మా? ఈ రేత్రే చాటింపు. విన్నాక జాతర అయ్యేదాకా ఊరు దాటకూడదు, తెలుసు గదా!"

తెలుసు. అందుకే వారం పైన సెలవు పెట్టుకుని వచ్చాను. తిరుపతి గంగజాతరను ఒక్క రోజు చూసిపోతే ఇంటర్వెల్ తర్వాత సినిమాకు వెళ్ళినట్టే. ఏ రోజు వేషం ఆ రోజుదే. ముందు రోజుది తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు.

పెద్దమ్మ వాళ్ళిల్లు గుడికి దగ్గర్లోనే. పెళ్ళై ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఆమె ఒక్క జాతర కూడా తప్పలేదు. చింతపండు పిక్కలు తీస్తూ కథంతా మళ్ళీ చెప్పింది. చిన్నప్పటి నుంచి వింటున్నదే, అయినా ఆమె నోట వింటే వేరు. వెనకటికి ఈ ఊరిని ఒక పాలెగాడు ఏలాడు. ఏ పిల్లకు పెళ్ళయినా మొదటి రాత్రి తన దగ్గరికే రావాలని శాసనం పెట్టాడు. పక్కనే ఉన్న అవిలాలలో కైకాల వాళ్ళింట పెరిగిన గంగమ్మ మీదా చెయ్యి వేయబోయాడు. ఆమె అసలు రూపం చూపించేసరికి హడలిపోయి ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టింది. ఆ వెతుకులాటే ఈ జాతర.

"అమ్మవారికి వేషాలెందుకు పెద్దమ్మా? వాడు ఎక్కడున్నాడో ఆమెకు తెలీదా?" అన్నాను.

"తెలిస్తే మాత్రం? దాక్కున్నోడు వాడంతట వాడు బయటికి రావాల. అప్పుడే గదా అందరూ చూసేది."

గంగమ్మను వెంకన్న చెల్లెలంటారు. పూర్వం కొండెక్కేవాళ్ళు ముందు చెల్లెలి గడప తొక్కి, ఆ తర్వాతే అన్న దగ్గరికి వెళ్ళేవారట. ఇప్పుడు అలిపిరి మీదుగా దూసుకుపోయే జనంలో ఎంతమందికి ఈ గుడి ఒకటుందని తెలుసో! పగలు వెళ్ళి చూస్తే గుడి ముందున్న స్తంభం చుట్టూ ఒకటే సందడి. దానికి అభిషేకం చేసి, పసుపు గుడ్డ కడతారు. దాన్నే వడిబాలు అంటారు. వారం తర్వాత అమ్మవారి విశ్వరూపం నిలిచేది ఇక్కడే.

రాత్రి అవిలాల నుంచి కైకాల వాళ్ళు పసుపు కుంకుమలతో వచ్చారు. పుట్టింటి సారె అన్నమాట. అది అందాకే చాటింపు. మేము నిద్ర ఆపుకుని అరుగు మీద కూర్చున్నాం. డప్పు మా వీధి మలుపు తిరగగానే పెద్దమ్మ లేచి నిలబడి చెంగు భుజాల నిండా కప్పుకుంది. చాటే మాటలు నాలుగైదుకు మించి ఉండవు. గంగమ్మ జాతర మొదలైంది, పొలిమేర దాటొద్దు. అంతే. డప్పు పక్క వీధిలోకి వెళ్ళిపోయింది. "ఇంక నువ్వు ఈ ఊరిదానివే" అంది పెద్దమ్మ, దుప్పటి దులుపుతూ.

బుధవారం

బైరాగి వేషం. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తే తెల్ల మనుషులు ఎదురొచ్చారు. నామాలకు వాడే తెల్ల సుద్దను నీళ్ళలో కలిపి తలనుంచి కాళ్ళదాకా పట్టించేస్తారు. తడిగా ఉన్నంతసేపు బూడిద రంగులో ఉండి, ఆరాక తెల్లగా మెరుస్తుంది. ఎండెక్కేకొద్దీ మోచేతుల దగ్గర, మోకాళ్ళ వెనక పగుళ్ళు వచ్చి ఒంటి రంగు గీతలు గీతలుగా బయటపడుతుంది. ఒక తండ్రి కుళాయి దగ్గర మూడేళ్ళ పిల్లాణ్ణి నిలబెట్టి పూస్తున్నాడు. వాడు చక్కిలిగింతలకు మెలికలు తిరిగిపోతుంటే ఒక చెవి మాత్రం మిగిలిపోయింది. తండ్రి వెనక్కి పిలిచేలోపే వాడు ఆ నల్ల చెవితోనే బజార్లోకి ఉరికాడు.

వేషం కట్టినవాళ్ళు వేషాలమ్మ గుడి దగ్గర ఆగి, ఆ తర్వాత గంగమ్మ దగ్గరికి వెళ్తారు. కైకాల వాళ్ళ వేషం మాత్రం వేరే లెక్క. వాళ్ళది మొక్కు కాదు, హక్కు. తరతరాలుగా వాళ్ళింటి మగవాళ్ళే గంగమ్మగా ఊరు తిరుగుతారు. ఆ వేషం గుమ్మం ముందుకు వచ్చిందంటే వచ్చింది అమ్మే. పెద్దమ్మ పసుపు నీళ్ళతో కాళ్ళు కడిగి హారతి ఇచ్చింది. కొండమీద దేవుణ్ణి చూడాలంటే గంటలు గంటలు నిలబడాలి, చూసేలోపు "జరగండి, జరగండి" అంటారు. ఇక్కడ దేవతే మన గడప దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది.

బైరాగి వేషం కోరికల్ని గెలవడానికి గుర్తు అంటారు. వెతుకులాట సన్యాసి రూపంతో మొదలవడం సబబే. సన్యాసి ఏ ఇంటి ముందు నిలబడ్డా ఎందుకని ఎవరూ అడగరు.

గురువారం

బండ వేషం. నిన్న తెల్లగా ఉన్న వీధులు ఇవాళ ఎర్రబడ్డాయి. ఒంటినిండా కుంకుమ, చేతిలో వేపమండలు. ఇక నోరు! ఈ రోజు వేషం కట్టినవాళ్ళు ఎవర్నైనా తిట్టొచ్చు. మామూలు తిట్లు కాదు, చెవులు మూసుకునే బూతులు. దాక్కున్న పాలెగాడికి రోషం పుట్టించి బయటికి లాగడానికి గంగమ్మ ఎంచుకున్న దారి ఇది.

మధ్యాహ్నం వీధి చివరి ఇంటి ఇంటర్ కుర్రాడు, మామూలప్పుడు "అవ్వా, బాగుండావా" అని తల వంచుకుని వెళ్ళేవాడు, మా గుమ్మం ముందు నిలబడి పెద్దమ్మను ఏడు తరాలకూ కలిపి కడిగేశాడు. నాకు నోట మాట రాలేదు. పెద్దమ్మ పడీపడీ నవ్వి, కొంగు ముడి విప్పి ఇరవై రూపాయలు ఇచ్చింది. "పోయినేడు ఇంకా బాగా తిట్టినావురా. ఈసారి సిగ్గు పడతాండావు" అని వెక్కిరింపు కూడా. కుర్రాడు నిజంగానే సిగ్గుపడ్డాడు. కుంకుమ మొహంలో సిగ్గు కనబడదు కానీ కాళ్ళు చెప్తాయి కదా, బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాడు. అమ్మవారి వేషంలో ఉన్నవాడు తిడితే పీడ పోతుందని ఇక్కడి నమ్మకం. చదువుకున్నవాళ్ళు కొందరు ఈ బూతులు మానేయాలంటారు. బూతు తీసేస్తే ఆ రోజు కథలో ఇంకేం మిగులుతుందో వాళ్ళే చెప్పాలి.

శుక్రవారం

తోటి వేషం. తోటి అంటే ఊరి చాకిరీ చేసే మనిషి. ఒళ్ళంతా బొగ్గుపొడి, నడుముకీ తలకీ వేపాకు. ఊళ్ళో అందరికన్నా కింద అని తోసేసిన మనిషి రూపంలో ఆ రోజు గంగమ్మ తిరుగుతుంది, అందరూ ఆ కాళ్ళకే మొక్కుతారు. మర్నాడు మళ్ళీ ఎవరి మెట్టు వాళ్ళదే అనుకోండి.

ఎండ మాత్రం చెప్పనలవి కాదు. వదిన రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయలు తరిగి వేసి గిన్నెడు ముందు పెట్టింది. తాగి మధ్యాహ్నమంతా పడుకున్నాను. సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దాకా నడిచి వచ్చాం. గాంధీ రోడ్డులో షాపులన్నింటికీ వేపతోరణాలు. ఈ రోజుకింతే.

శనివారం

దొర వేషం. ఇది వేట ముగిసే రోజు. బైరాగికి, బండకి, తోటికి బయటికి రాని పాలెగాడు దొర వచ్చాడంటే వచ్చాడు. తనకన్నా పెద్దవాడొకడు ఊళ్ళోకి వస్తే వెళ్ళి దండం పెట్టుకోకుండా ఉండలేడు కదా, ఎంత దాక్కున్నా అధికారి బుద్ధి అధికారి బుద్ధే. దొర దుస్తుల్లో ఉన్నది గంగమ్మ అని తెలిసేలోపు తల తెగిపడింది. కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. సన్యాసం, తిట్లు, దీనత్వం ఏవీ పట్టించలేని వాణ్ణి వాడి ఆశే పట్టించింది.

గంధం పూసుకుని, నిమ్మకాయల దండలు వేసుకుని పిల్లదొరలు పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నారు. అసలు ఘట్టం కోసం రాత్రి జనంలో నిలబడ్డాం. డప్పులు ఒక్కసారిగా జోరందుకున్నాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు పైకి లేచాయి. నాకు కత్తి కొస కూడా స్క్రీన్‌లోనే కనిపించింది. పక్కన ఎవరో పెద్దాయన "ఆ సామాన్లు కిందికి దించండ్రా, అమ్మ మొహం కనబడల్యా" అని అరిచాడు. ఎవరూ దించలేదు. "నరికేసింది, నరికేసింది" అన్న కేకను బట్టి అయిపోయిందని తెలిసింది.

ఆదివారం

మాతంగి వేషం. పాలెగాణ్ణి చంపిన గంగమ్మ మాతంగిగా వాడి ఇంటికి వెళ్ళి వాడి భార్యను ఓదార్చిందట. శత్రువును చంపాక వాడి పెళ్ళాన్ని పలకరించడానికి వెళ్ళిన దేవుడు ఇంకెక్కడైనా ఉన్నాడా అని పెద్దమ్మ ప్రశ్న. నాకైతే గుర్తు రాలేదు.

ఈ రోజు ఊళ్ళో మగవాళ్ళు చీరలు కడతారు. మా అన్నకూ మొక్కుంది. చిన్నప్పుడు వాడికి అమ్మవారు పోసి ఒళ్ళు తెలియని జ్వరం వస్తే, తగ్గితే నీ వేషం కట్టిస్తానని పెద్దమ్మ మొక్కుకుంది. ఒక్క ఏడుతో తీరిపోయే మొక్కే, కానీ వాడు ఇప్పటికీ కడుతూనే ఉన్నాడు. సెల్‌ఫోన్ల షాపు ఆ రోజు మధ్యాహ్నానికే మూసేస్తాడు.

ముస్తాబు బాధ్యత వదినకూ నాకూ పడింది. వదిన తన పట్టుచీర బీరువాలోంచి తీసింది. ఆకుపచ్చ, ఎర్ర అంచు. జాకెట్టు దర్జీ దగ్గర వాడి కొలతకు కుట్టించిందే ఉంది, అయినా ఏడాదిలో పొట్ట పెరిగి హుక్కులు అందలేదు. రెండు పిన్నులతో సర్దాం. కుచ్చిళ్ళు పెడుతుంటే ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడ్డాడు. విగ్గు పెట్టి, జడకి సవరం కలిపి, మూరెడు మల్లెపూలు. గోళ్ళకు ఎర్ర రంగు వేయడం నా పని. అరచేయి నా మోకాలి మీద పెట్టి, "గోరు చుట్టూ పూయొద్దు పాపా, నీట్‌గా ఉండాల" అన్నాడు. మీసం తీయమంటే తీయడు. "మీసం తీస్తే షాపులో ఎవురూ గుర్తుపట్టరు" అని వాడి వాదన. పెద్దమ్మ నుదుట పావలా కాసంత బొట్టు పెట్టి, రెండు అడుగులు వెనక్కి వేసి కాసేపు చూసింది. ఆ తర్వాత కొడుకు కాళ్ళకు దండం పెట్టింది. వాడూ వారించలేదు. మామూలు రోజైతే ఆమె వంగబోతే గోల చేసేవాడు.

గుడి దాకా నడిచే వెళ్ళాం. దారి పొడుగునా చీరల్లో మగవాళ్ళు, వాళ్ళ పక్కన చీర సర్దే అక్కచెల్లెళ్ళు, పెళ్ళాలు. కొందరు బాగా నడుస్తారు. కొందరు కుచ్చిళ్ళు తొక్కుకుని రెండు చేతులా ఎత్తి పట్టుకుంటారు. ఎవరూ ఎగతాళి చేయరు.

తిరిగి వచ్చేటప్పుడు జనం ఒత్తిడిలో మేం విడిపోయాం. ఇల్లు చేరాక అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మలుపు దగ్గర రద్దీలో వెనకనుంచి ఎవడో నడుం మీద చెయ్యి వేశాడట. అన్న వెనక్కి తిరిగేసరికి వాడికి ఎదుట మీసం. అవతలివాడు బిక్కచచ్చి జనంలో కలిసిపోయాడు. చెప్పడం నవ్వుతూనే మొదలుపెట్టాడు కానీ చివరికొచ్చేసరికి గొంతు మారింది. "మీసం చూసి పారిపోయినాడు గానీ, లేకపోతే?" అన్నాడు.

వదిన నవ్వలేదు. విగ్గు పిన్నులు ఒక్కొక్కటే తీస్తూ, "ప్రతి పండక్కీ, ప్రతి బస్సులో ఉండేదే" అంది.

వంటింట్లోంచి పెద్దమ్మ: "నిన్న నరికింది ఒకణ్ణే కదరా."

సోమవారం

సున్నపు కుండలు. బొగ్గు పూసిన నల్లటి ఒంటి మీద సున్నపు చుక్కలు, తలమీద కుండ. దూరంనుంచి చూస్తే ఒంటినిండా కళ్ళు మొలిచినట్టు అనిపించింది. అన్ని వేషాల్లోకీ చూడగానే భయం పుట్టించేది ఇదే. పక్కింటి చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంటే వాళ్ళమ్మ ఎత్తుకుని మరీ ముందుకు తీసుకెళ్ళి మొక్కించింది.

కొండమీది అన్నగారింటి నుంచి చెల్లెలికి సారె కూడా ఈ జాతర రోజుల్లోనే వస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున చీర, పసుపు, కుంకుమ మేళతాళాలతో తెచ్చి ఇస్తారు. "ఏడాదికొకసారైనా గుర్తొచ్చింది అన్నకు" అంటుంది పెద్దమ్మ. ఆమెకు అన్నదమ్ములు ముగ్గురు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగులుతుంది.

సాయంత్రం మార్కెట్లో పొంగలి కుండలు, కొబ్బరికాయలు, వేపాకు. నాటుకోడి ధర విని వదిన రెండు అంగళ్ళు తిరిగి మళ్ళీ మొదటి అంగడికే వచ్చింది.

మంగళవారం

జాతర. తెల్లవారకముందే గుడి చుట్టూ పొంగళ్ళ పొయ్యిలు వెలిగాయి. కొందరు గుడి దగ్గర, చాలామంది ఇళ్ళముందే పెట్టుకుంటారు. మేం వాకిట్లోనే మూడు రాళ్ళు పెట్టాం. పొంగు తూర్పుకు పడిందని పెద్దమ్మ సంతోషం. వీధి మొదట్లో కుర్రాళ్ళు డ్రమ్ముల్లో అంబలి పోసి దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి గ్లాసు చేతిలో పెడుతున్నారు. వద్దన్నా వదలరు.

పగలంతా సప్పరాలు. వెదురు బద్దలతో గోపురంలా అంతస్తులు కట్టి, రంగు కాగితాలు, పూలు అంటించి, తలమీద పెట్టుకుని డప్పులకు అడుగులు వేస్తూ గుడికి వెళ్తారు. మోసేవాడి మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుని ఉంటాయి. ఇద్దరు మనుషులు వెనకా ముందూ కర్రలతో కరెంటు తీగలు పైకెత్తుతూ దారి చేస్తారు. మా వీధిలో ఒక సప్పరం కొస కేబుల్ టీవీ వైరులో చిక్కుకుంది. మేడమీదినుంచి ఒకాయన కత్తెర తెచ్చి వైరునే కత్తిరించి పారేశాడు. సప్పరం సాగిపోయింది, మా వీధికి ఆ రోజంతా టీవీ లేదు.

దర్శనానికి ఆడవాళ్ళ వరసలో నిలబడ్డాం. చెమట, వేపాకు వాసన, పసుపు, పొయ్యి పొగ. లోపల అమ్మవారిని చూసింది కొద్దిసేపే. పెద్దమ్మ ఏం కోరుకుందని అడిగితే, "కోరుకునేదేముంది, వచ్చినాను అని చెప్పుకున్యా" అంది.

రాత్రి ఎవరూ పడుకోలేదు. కైకాల వాళ్ళు పేరంటాలు వేషంలో బయల్దేరి ఊరు తిరుగుతారు. చంపినదీ ఓదార్చినదీ అయిపోయాక గంగమ్మ చివరికి పేరంటాలై వస్తుంది. ఆ అర్ధరాత్రి గుమ్మాల ముందు కళ్ళాపి చల్లి ముగ్గులు వేయడం మొదటిసారి చూశాను.

బుధవారం, తెల్లవారుజాము

గుడి ముందు స్తంభం దగ్గర తడి మట్టితో అమ్మవారి మొహం చేశారు. మనిషికన్నా ఎంతో పెద్దది. గుడ్లురిమే కళ్ళు, ఎర్రటి నాలుక. ఇదే విశ్వరూపం, పాలెగాడు చూసి పారిపోయిన రూపం. రంగులు పచ్చిగా ఉండి దీపాలకు మెరుస్తున్నాయి. గట్టు మీద చోటు కోసం రాత్రి రెండింటి నుంచి కూర్చున్నవాళ్ళున్నారు. మాకు పక్క మేడ మీద చోటు దొరికింది. అన్న మాత్రం కిందే ఉంటానన్నాడు.

పేరంటాలు వచ్చి, మొహానికి ఎదురుగా నిలబడి, చెంప నరికేసింది. ఆ ఒక్క వేటుతో జాతర అయిపోయినట్టే. తర్వాత జరిగింది మాటల్లో పెట్టలేను, మట్టి కోసం మనుషులు మనుషుల మీద పడ్డారు. పోలీసుల విజిల్ ఎవరికీ వినబడలేదు. ఆ మట్టి ఇంట్లో ఉంటే పీడలు రావని, జబ్బు చేసినవాళ్ళకు నీళ్ళలో కలిపి నుదుట పెడితే నయమవుతుందని నమ్మకం. చూస్తుండగానే అంత పెద్ద మొహమూ కరిగిపోయి కొయ్యలు, గడ్డి మిగిలాయి.

అన్న చొక్కా చేయి చినిగిపోయి, పిడికిలి బిగించుకుని వచ్చాడు. విప్పితే నిమ్మకాయంత ముద్ద, దానికి ఒక పక్క ఎర్ర రంగు. "నాలుక!" అని పెద్దమ్మ మురిసిపోయింది. అది పెదవి కూడా కావచ్చు, నేను అనలేదు. పోయినేటి మట్టి ఉన్న డబ్బాలోనే పెట్టి, చిటికెడు కాగితంలో చుట్టి నా బ్యాగులో వేసింది.

పొద్దున ఇడ్లీ తింటూ అన్న షాపు తాళాలు వెతుక్కుంటున్నాడు. చేతి గోళ్ళకు ఆదివారం నేను వేసిన ఎర్ర రంగు అలాగే ఉంది. ఇంట్లో రిమూవరు అయిపోయింది. తెచ్చుకోవాలంటే బజారుకే వెళ్ళాలి.

"అలాగే వెళ్తావా? కస్టమర్లు అడగరూ?" అన్నాను.

"అడిగేదెవురు పాపా? ఈ వారం బజార్లో సగం మంది చేతులు ఇట్లనే ఉంటాయి" అని బండి స్టార్ట్ చేశాడు.